గంగన్న పేరు పంచుకున్న రెండిళ్లు

మొన్న తాడేపల్లిగూడెం నుంచి గృహప్రవేశం పత్రిక ఒకటి వచ్చింది. దంపతుల పేర్లున్నాయి గాని వాటి ముందు ఇంటిపేరు లేదు. అది అచ్చువాడి పొరపాటు కాదు, దాని వెనక నా పాపం కొంత ఉంది.

మా ఇంటిపేరు గంగన్న. మా ముత్తాతకు తాతగారి పేరది. కొల్లేటి గట్టు మీద దొంగను బల్లెంతో పొడిచి చంపిన వీరుడని మావాళ్లు గొప్పగా చెప్పుకునేవారు. ఆకివీడు వైపు మరో కుటుంబానికీ అదే ఇంటిపేరు ఉండేది. ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ముల వరస గనుక వాళ్లతో పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం పేల్చేసిన ఏడాది మా అన్నయ్య కూతురు ఎత్తింది. ఆ ఇంటి కుర్రాణ్ణే చేసుకుంటానంది. అతను ఆకివీడులో చేపల లారీలకు ఐసు వేయించే పని చూసేవాడు.

ఆ పిల్ల ఏలూరులో మా ఇంటికొచ్చి, వాచిన వేళ్లు చూపించింది. వాళ్లన్న తలుపు సందులో పెట్టి నొక్కాడట.

“పెళ్లిళ్లలో పట్టింపులు వద్దని మీటింగుల్లో అందరికీ చెబుతారు కదండీ బాబాయ్, మా నాన్నకి ఒక్కసారి చెప్పండి” అంది.

నా దగ్గర తిరుగులేని ఆధారం ఉంది. ఆకివీడు వాళ్లు గంగన్న పాలేరు సంతానమని, భూమి సర్వేలో ఎవరి మనిషివని అడిగితే అతను యజమాని పేరు చెప్పగా అదే వాళ్ల ఇంటిపేరయిందని నాయనమ్మ నాకొక్కడికే చెప్పింది. గంగన్న చంపింది దొంగను కాదు, ఎదురు తిరిగిన ఆ పాలేరు తమ్ముణ్ణి.

దెందులూరులో అన్నయ్య వసారాలో, బంధువులందరి ముందు, ఇదంతా సభలో వాదించినట్లే వాదించి, రక్తసంబంధమే లేనప్పుడు ఇక అడ్డేమిటని నిలదీశాను. గెలిచాననుకున్నాను. అన్నయ్య కొడుకు మెల్లగా లేచాడు.

“అయితే వాడు మన పాలేరోడన్నమాటండీ బాబాయ్. ఇన్నాళ్లూ తమ్ముడి వరస కదా అని వదిలేశాం.”

ఆ సాయంత్రమే ఆకివీడులో, వాడూ మరికొందరూ ఐసుగడ్డలు పగలగొట్టే ఇనుప చువ్వతో ఆ కుర్రాడి మోకాలు విరగ్గొట్టి, కింద పడ్డాక మొహం మీద కొట్టారు. ఒక కన్ను పోయింది. కోర్టులో నేను అన్న కొడుకు మీద సాక్ష్యం చెప్పాను; అన్నయ్య పోయేదాకా నాతో మాట్లాడలేదు. పిల్ల మాత్రం అతన్ని రిజిస్ట్రారాఫీసులో పెళ్లాడింది.

నిజం చెబితే చాలు, మనుషులు మారతారని నమ్మిన తరం మనది. ఇప్పటికీ చెప్పాలనే అంటాను, కాని ఆ వసారా గుర్తొస్తే నోరు తడబడుతుంది. వాళ్లిద్దరూ ఆ పేరు వదిలేసి హాయిగా ఉన్నారు. ఆ పత్రిక కవరు మీద మాత్రం ఆ పిల్ల తన చేత్తో నా పేరు పూర్తిగా రాసింది, గంగన్నతో సహా.