చుట్టాలొస్తే తుడిచే గోడ

"తుడిచినవా? మొత్తం తుడిచినవా అమ్మా?"

"మరి? ఇంటికి మనుషులొస్తుంటే గోడ గట్లనే ఉంచుకుంటరా? సిగ్గుండద్దా?"

"వాళ్ళు వచ్చేదే ఆ గోడ చూసేందుకు! అది తప్ప మనింట్ల వాళ్ళకేం పని?"

"ఏం పనంటవేందిరా? చాయ్ తాగరా? సర్వపిండి చేసిన, తినరా?"

"అమ్మా, వాళ్ళు టీవీ వాళ్ళు. చుట్టాలు కాదు!"

"గడప దాటి లోపటికొచ్చినోళ్ళందరు చుట్టాలే. నువ్వు ఇంగ్లీషోళ్ళ ఆఫీసుల ఉండి ఉండి గట్ల తయారైనవ్."

తలుపుకు ఇవతల మేం ముగ్గురం నిలబడి ఇదంతా విన్నాం. నా వేలు కాలింగ్ బెల్ మీదే ఆగిపోయింది. నా పక్కన నిఖిత. ఈ దేశంలోనే, ఇల్ఫర్డ్‌లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, టీవీ రిపోర్టరు. పెద్ద సంస్థలు పరుపు కింద దాచుకున్నవాటిని బయటికి లాగడం ఆమె ఉద్యోగం. తెలుగు బాగానే అర్థమవుతుంది, మాట్లాడటానికి మాత్రం మొహమాటం. వెనక కెమెరా మోస్తున్న తెల్లాయన. ఆయనకు తెలుగు రాదు కాబట్టి మా ముగ్గురిలో ఆయనొక్కడే సంతోషంగా ఉన్నాడు.

"షి క్లీన్డ్ ఇట్?" అంది నిఖిత, నా చెవిలో.

తలుపు సందులోంచి వస్తున్న బ్లీచు వాసన నాకన్నా ముందే జవాబు చెప్పింది.

సులోచన ఆంటీ గురించి చెప్పాలంటే ముందు విమానాల గురించి చెప్పాలి. హనుమకొండ నుంచి భర్త వెంట ఈ ఇంగ్లీషోళ్ళ దేశానికి వచ్చి, చలికి గడగడలాడుతూనే హీత్రో విమానాశ్రయంలో విమానాలు తుడిచే పనికి చేరింది. విమానం దిగుతుంది, జనం పోతారు. మళ్ళీ జనం ఎక్కేలోపు సీట్ల మధ్య చాక్లెట్ కాగితాలు, పసిపిల్లలు కక్కింది, పెద్దవాళ్ళు నలిపి పారేసిన దుప్పట్లు, అన్నీ మాయం కావాలి. కొత్తగా ఎక్కేవాడికి పాతవాడి వాసన తగలకూడదు. ఇదే ఆవిడ వేదం. మోకాళ్ళు మొరాయించేదాకా అదే పని చేసింది. ప్రపంచంలో సగం దేశాల విమానాలను ఒంగి తుడిచింది, ఏ ఒక్క దేశం చూడలేదు.

భర్త పోయాక హౌన్స్‌లోలోని ఈ ఫ్లాట్‌లో కొడుకు కౌశిక్, కోడలు సంజన, మనవరాలు రిషితతో ఉంటోంది. ఎదురు ఫ్లాట్‌లో ఒక గది నాది. నన్ను ఎవరికి పరిచయం చేసినా ఆంటీ మొదటి వాక్యం ఒకటే: "ఈ పిలగాడు కాలేజీ నడిమిట్ల ఇడిచిపెట్టిండు." రెండో వాక్యం ఇంతవరకూ నేను వినలేదు.

మా బిల్డింగు ఒక హౌసింగ్ అసోసియేషన్‌ది. ఇళ్ళు తక్కువ అద్దెకిచ్చే సంస్థ, మరమ్మతుల బాధ్యతా వాళ్ళదే. తాము లాభం చూసుకోని సంస్థ అని వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. నష్టం కూడా చూసుకోరు, అది మాత్రం చెప్పుకోరు. ఆంటీ వాళ్ళ వెనక బెడ్రూంలో కిటికీ పక్క గోడ చెమ్మతో ఉబ్బి, చలికాలం వచ్చేసరికి నల్లగా బూజు పడుతుంది. ఆ గదిలో పడుకునేది రిషిత. ఒకటో తరగతి పిల్ల. దిండు కింద ఎలుగుబంటి బొమ్మ, బొమ్మ పక్కన ఇన్‌హేలర్. ఎలుగుబంటిని నిద్రలో కింద పడేసుకుంటుంది కానీ ఇన్‌హేలర్‌ను పడేసుకోదు.

ప్రతి చలికాలం కౌశిక్ అసోసియేషన్‌కు ఫోన్ చేస్తాడు. ప్రతి చలికాలం ఇల్లు తనిఖీ చేయడానికి వాళ్ళ సర్వేయర్ వస్తాడు. ప్రతిసారీ ఆయన వెళ్ళాక ఒకటే కబురు: "బూజు కనిపించలేదు. మీ జీవనశైలి కొంచెం మార్చుకోండి." జీవనశైలి అంటే, కిటికీలు తెరవాలి. ఇల్లు వెచ్చగా ఉంచాలి. రెండూ ఒకేసారి. కుదిరితే వంట తగ్గించాలి, బట్టలు ఇంట్లో ఆరేయకూడదు, స్నానాలు త్వరగా ముగించాలి. ఊపిరి కూడా కొంచెం తక్కువ తీసుకోమంటే సరిపోయేది. ఆ సలహాను రిషిత ఎలాగూ పాటిస్తోంది.

ఇదీ నేను నిఖితకు చెప్పి, ఆమెను తీసుకొచ్చిన కథ. తలుపు తెరుచుకుంది. ఆంటీ కొత్త చీరలో, నుదుట పెద్ద బొట్టుతో, పెళ్ళివారిని ఆహ్వానిస్తున్నట్టు నవ్వింది. వెనక కౌశిక్ ముఖం చావింటి ముఖం.

"రా బిడ్డా, రా. గీయన గూడ రమ్మను. చెప్పులు ఆడ ఇడువున్రి."

వెనక గదికి వెళ్ళాం. గోడ పాలలా మెరిసిపోతోంది. కెమెరా ఆయన కెమెరా ఎత్తాడు, ఒక నిమిషం చూశాడు, దించాడు. "లవ్లీ వాల్," అన్నాడు పాపం. ఆంటీకి ఇంగ్లీషులో ఆ రెండు మాటలు బాగా అర్థమయ్యాయి. ఆయన పళ్ళెంలో ఇంకో సర్వపిండి ముక్క పడింది.

నిఖిత మంచం అంచున కూర్చుంది. ఆమెకు ఏదో తట్టినట్టుంది. "ఆంటీ, సర్వేయర్ వచ్చినప్పుడు కూడా... మీరు క్లీన్ చేశారా?"

ఆంటీకి ఆ ప్రశ్నలో అవమానం వినిపించింది. "గదేం మాట బిడ్డా? చెయ్యకుంట ఉంటనా? ఆయన వచ్చినప్పుడల్లా చేసిన. ఇయ్యాల చేసింది ఏం లెక్క? ఆయనొస్తుండంటే తుడిచి, మీదికెల్లి పెయింట్ సుత ఏసిన."

కౌశిక్ తలుపుకు జారగిలబడ్డాడు. సర్వేయర్ వచ్చిన ప్రతిసారీ అతను ఆఫీసులో ఉన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి, తెల్లబడ్డ గోడ అసోసియేషన్ పనే అనుకునేవాడు. "అమ్మా! ఆ సర్వేయర్ కళ్ళు లేనోడు, అబద్ధాలకోరు అని వాళ్ళ మేనేజర్‌కు ఫోన్ చేసి మస్తు లొల్లి పెట్టిన నేను!"

"అయ్యో, ఎందుకురా? మంచోడు. చాయ్ తాగిండు. ఇల్లు అద్దం లెక్క ఉన్నదన్నడు."

ఇక్కడ ఆంటీని చూసి నవ్వేవాళ్ళు కొంచెం ఆగాలి. సర్వేయర్‌కు కూడా ముక్కు ఉంటుంది. గదినిండా బ్లీచు వాసన, గోడకు ఒక్క మూలే తడి ఆరని కొత్త పెయింటు, దిండు కింద ఇన్‌హేలర్. ఈ మూడింటి మధ్యే కూర్చుని ఆయన చాయ్ తాగాడు. "ఎందుకమ్మా ఈ మూలకే పెయింటు వేశారు?" అని అడగలేదు. అడగడం ఆయన ఉద్యోగంలో లేదేమో. చాయ్ తాగడం ఉంది.

నిఖిత ఆ రోజే మమ్మల్ని వెంటబెట్టుకుని పై అంతస్తుకు వెళ్ళింది. అక్కడ, సరిగ్గా ఆంటీ వెనక గది పైన, సుబ్బరాజు అంకుల్ ఉంటారు. భీమవరం మనిషి, ఒంటరి, ఆయన ఇంట్లో చీపురు అలంకారానికి. ఆంటీ ఆయన గుమ్మం దగ్గరికి వస్తే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటుంది. ఆయన గోడ కింది నుంచి పైదాకా నల్లగా ఉంది. కెమెరా ఆయనకు ఎట్టకేలకు పని దొరికింది.

"మీరు అసోసియేషన్‌కి చెప్పారా అంకుల్?"

"చెప్పకేవండీ! వచ్చేడు ఆ బాబు. అటు చూసేడు, ఇటు చూసేడు. ఇది బూజు సమస్య కాదు, మీరు ఇల్లు శుభ్రంగా ఉంచుకోరు, అదీ సమస్య అన్నాడండి." అంకుల్ ఆంటీ వైపు తిరిగి చేతులు జోడించారు. "ఇంకో మాట కూడా అన్నాడండోయ్. కింద ఫ్లాట్లో ఆవిడ గోడ చూసి నేర్చుకోండన్నాడు!"

ఆంటీ ముఖం వెలిగిపోయింది. "చూసినవా కౌశిక్?"

ఆమె ఒక్కతే గర్వపడింది. మిగతా అందరం కిటికీలోంచి కిందికి చూస్తున్నాం. రెండు ఫ్లాట్ల గోడల పక్కనుంచీ దిగే వాననీటి పైపు, ఈ కిటికీ పక్కనే నిలువునా పగిలి, రెండు గోడల్లోకీ కారుతోంది. ఎప్పుడో పుట్టిన నాచు కూడా అక్కడే స్థిరపడి సంసారం చేసుకుంటోంది. దానికి అసోసియేషన్ అద్దె అడగదు.

నిఖిత లెక్క చాలా చిన్నది. తుడిస్తే బూజు లేదు. తుడవకపోతే తప్పు నీది. ఎటు తిప్పినా పైపు బాగుచేయాల్సిన పని మాత్రం రాదు. ఒకే పైపు, ఒకే సర్వేయర్, పైన ఒక తీర్పు, కింద ఒక తీర్పు. ఈ రెండు గోడలూ పక్కపక్కన చూపిస్తేనే కథ నిలబడుతుందని చెప్పింది. "ఆంటీ, మళ్ళీ వస్తాను. అప్పటిదాకా ప్లీజ్, డోంట్ టచ్ ఇట్."

"అంటే నా గోడ గిట్ల నల్లగ టీవీల ఏస్తవా?"

"యెస్ ఆంటీ."

"ఇల్ఫర్డ్‌ల మా ఆడబిడ్డ కమలాబాయి ఉన్నది. అది చూస్తది. సులోచన ఇంట్ల బూజు అని బతుకమ్మ కాడ పాట గడ్తది. ముప్పై ఏండ్ల సంది సంపాదించుకున్న పేరు బిడ్డా! నా దగ్గర ఇంకేమున్నది?"

నిఖిత నా వైపు చూసింది. జర్నలిజం కోర్సులో ఆడబిడ్డల గురించి చెప్పరనుకుంటాను.

ఆంటీ మాటైతే ఇచ్చింది. రిషితను తన మంచం మీదికి మార్చుకుంది. ఆ గోడ మీద ఒక పాత చీర కట్టేసింది, చూడకుండా ఉండటానికి. బూజుకు అసోసియేషన్ కన్నా మాట మీద నిలబడే గుణం ఎక్కువ. వస్తానంటే వస్తుంది. స్కూల్ నుంచి రాగానే రిషిత చీర ఎత్తి చూసి వార్తలు చదివేది. ఒకరోజు ఆ అరుపు మా ఫ్లాట్‌దాకా వినిపించింది: "నానమ్మా! ఇట్స్ బ్యాక్!" ఊరి నుంచి మేనత్త దిగినంత సంబరం. ఆంటీ లోపల ఏదో గిన్నెను అవసరమైన దానికన్నా గట్టిగా తోముతున్న చప్పుడు కూడా వినిపించింది.

నిఖిత శనివారం వస్తానంది. ఈలోపు ఆమె పద్ధతి ప్రకారం అసోసియేషన్‌ను వివరణ అడిగింది. చలికాలాల తరబడి కదలని సంస్థ ఒక్కసారి లేచి పరిగెత్తింది. నివాసుల ఆరోగ్యమే తమ ప్రాణమని నిఖితకు చెప్పారు. ఆంటీకి ఫోన్ చేసి, గురువారమే పెయింటర్‌ను పంపిస్తున్నాం, గోడ కొత్తగా అయిపోతుంది, ఉచితం అన్నారు. సంవత్సరాల తర్వాత ఆంటీకీ అసోసియేషన్‌కీ మొదటిసారి అభిప్రాయం కలిసింది. చుట్టాలొచ్చేలోపు గోడ తుడవాలి.

గురువారం మధ్యాహ్నం ఆంటీ నా తలుపు కొట్టింది. "పిలగా, పని లేదు గద, జర రా." పెయింటర్ వాళ్ళ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, రెండు చేతుల్లో రెండు డబ్బాలు. ఆ తెల్ల పెయింటు వైపు ఆంటీ చూసిన చూపు, బంగారం దుకాణంలో కూడా ఎవరూ చూడరు. ఆమె చెయ్యి అప్పటికే తలుపును ఇంకొంచెం తెరుస్తోంది. ఆపడానికి నేనెవరిని? ఆమె ఇల్లు, ఆమె గోడ, ఆమె ఆడబిడ్డ.

అప్పుడే సంజన రిషితను స్కూల్ నుంచి తీసుకొస్తోంది. పిల్ల మెట్ల మలుపు దగ్గర ఆగింది. కమ్మీ పట్టుకుని, ప్రతి ఊపిరికీ భుజాలు పైకి లాగుతూ, ముసలివాళ్ళలా నిలబడింది. సంజన బ్యాగులో ఇన్‌హేలర్ వెతుకుతోంది. పెయింటర్ దారి ఇవ్వడానికి డబ్బాలు గోడ పక్కకు జరిపాడు. పిల్ల రెండుసార్లు మందు పీల్చి, కాసేపటికి ఆంటీని చూసి నవ్వింది. "హాయ్ నానమ్మా. ఈజ్ హి ద టీవీ మ్యాన్?"

ఆంటీ పెయింటర్‌ను తన ఇంగ్లీషులో అడిగింది. "బాబూ, బయటి పైపు? యూ రిపేర్?"

"పైప్? నాట్ మై జాబ్, డియర్. జస్ట్ ది పెయింట్."

ఆంటీ తల ఊపింది. లోపలికి వెళ్ళి సర్వపిండి రెండు ముక్కలు కాగితంలో చుట్టి తెచ్చి అతని చేతిలో పెట్టింది. "నాట్ టుడే," అంది. తర్వాత తెలుగులో, అతనికే: "నీ తప్పు కాదు బిడ్డా. పో." అతను డబ్బాలతో, సర్వపిండితో మెట్లు దిగి వెళ్ళాడు. ఇన్నేళ్ళలో ఆ అసోసియేషన్ మనిషి ఒకడు ఆ ఇంటి నుంచి చాయ్ తాగకుండా వెళ్ళడం అదే మొదలు.

శుక్రవారం సాయంత్రం మళ్ళీ తలుపు చప్పుడైంది. ఆంటీ చేతిలో బకెట్టు. అందులో బ్లీచు సీసా, గట్టి బ్రష్షు, పసుపుపచ్చ గ్లవుజులు, అడుగున మిగిలిన పెయింటు డబ్బా.

"ఇవి నీ గదిల పెట్టుకో. తాళమెయ్యి."

"మీరు ముట్టుకోకపోతే చాలు కదా ఆంటీ, ఇవన్నీ నాకెందుకు?"

"మనుషులొస్తున్నరంటే నా చెయ్యి నా మాట ఇనదు పిలగా. కౌశిక్‌కు ఇస్తే నేను ఏడిస్తె వానికి మనసు కరుగుతది. నువ్వైతే మొండోనివి." బకెట్టు నా కాళ్ళ దగ్గర పెట్టింది. మళ్ళీ వంగి, గ్లవుజులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా మడిచింది. అప్పుడు నా వైపు చూసింది.

"రేపు పొద్దుగాల నేనొస్త. నీ తలుపు కొడ్త. బకెట్టు ఇయ్యమని అడుగుత, బతిమిలాడ్త. కాలేజీ ఇడిచిపెట్టినోడా, పనికిమాలినోడా అని తిడ్త సుత. నువ్వు తియ్యకు. నిఖిత బిడ్డ గోడ చూసి పొయ్యేదాంక, నేనేమన్నా సరే, తలుపు తియ్యకు."