బోరింగు అవతలి ఇళ్లు

కొన్ని నెలల కిందట ఒక ఆదివారం గోదావరిఖనిలో మా పాత కాలనీ వాళ్లం, జాడ తెలిసినంతమందిమి, ఒక చిన్న ఫంక్షన్ హాల్లో కలుసుకున్నాం. ఇంకా అందరి చేతికీ టీ గ్లాసులు రాకముందే ఒకాయన లేచి, మన ఆన్‌లైన్ గ్రూపు కోసం ఈసారి కూడా పైసలు కట్టి పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేరే తీసుకుందాం, అప్పుడు ఏ ఫికరూ ఉండదు అన్నాడు. పైసలు అన్నందుకు కాదు, కంపెనీ అన్నందుకూ కాదు, ‘ఈసారి కూడా’ అన్నందుకు నాకు ఒళ్లు మండిపోయింది. పోయినసారి ఏం పోగొట్టుకున్నామో ఆయనకు తెలియక కాదు. నా పక్క కుర్చీలోనే మా అక్క కూర్చుని ఉంది, ఆమె మొహం చూసైనా ఆ మాట మింగి ఉండవలసింది.

మీలో గనుల కాలనీల్లో బతికినవాళ్లకు క్వార్టరంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. నీళ్లు కంపెనీవి, కరెంటు కంపెనీది, పొయ్యిలోకి బొగ్గు కంపెనీది, జ్వరం వస్తే దవాఖాన కంపెనీది. నల్లా కారితే ఆఫీసులో చెప్పి వచ్చేవాళ్లం, ఆ రోజు కాకపోయినా నాలుగు రోజులకైనా ఎవరో ఒకరు పానా పట్టుకుని వచ్చేవారు. మా ఆయన పోయాక నాకు ల్యాంపు రూములో, అంటే గనిలోకి దిగేవాళ్ల టోపీ దీపాలకు చార్జింగు పెట్టి ఇచ్చే గదిలో, ఉద్యోగం ఇచ్చారు. పక్క క్వార్టరులోనే అక్కా బావా ఉండేవారు కాబట్టి ఆ క్వార్టర్ల లైన్లోనే నా పిల్లలు పెరిగారు, ఆ లైన్లోనే నా జుట్టూ నెరిసింది.

మా బావ యూనియన్ మనిషి, గొంతు పెద్దది. ఫస్టు షిఫ్టు ఉన్న వారమంతా తెల్లవారకముందే తయారై, తన గడప దగ్గర మొదలుపెట్టి లైను చివరిదాకా ఒక్కో తలుపు తట్టుకుంటూ పోయేవాడు. సైరన్ కూసినా కదలనివాళ్లు బావ పిలిస్తే లేచేవారు, ఎందుకంటే ఆయన పిలుపు ఒక్కో ఇంటికి ఒక్కో రకంగా ఉండేది. నా తలుపు దగ్గర ‘మరదలా, నీ దీపాలు నీకోసం సూస్తున్నయి, లెవ్వు!’ అనేవాడు. నా పక్కింటి ముసలాయనను ‘కాకా, దేవునికి రేపు కూడ మొక్కొచ్చు, ముందుగాల బూట్లేసుకో!’ అని తొందరపెట్టేవాడు. కొత్తగా పెళ్లయిన అబ్బాయి ఇంటి ముందు ‘తమ్మీ, పెండ్లాం కొత్తదే గని షిఫ్టు పాతదే!’ అనేసరికి లైనంతా పక్కల మీదే నవ్వుకునేది. లైను మధ్యలో ఒక చేతిబోరింగు ఉండేది, అది దాటాక ఆయన గొంతు మాకు వినిపించేది కాదు. అప్పుడు అక్క లేచి పొయ్యి ముట్టించేది.

క్వార్టరు ముందు బావ రేకుల షెడ్డు వేశాడు, మామిడి మొక్క పెట్టి పెంచాడు, అక్క మల్లెతీగ పాకించింది. రిటైరయిన రోజున తాళంచెవులు ఆఫీసులో ఇచ్చేసి వచ్చారు, మామిడికాయలు ఆ తర్వాత వచ్చినవాళ్లు తిన్నారు. ఇంకొన్నేళ్లకు కాలనీ కిందా బొగ్గు ఉందని తేల్చి, లైన్లకు లైన్లే కూల్చి, నేలను పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు గని పెట్టారు. ఇప్పుడు మా బోరింగు ఉన్నచోటు ఏదో చూపించమంటే నేను గాలిలోకి చెయ్యి చూపించాలి. మనుషులు తలా ఒక దిక్కుకు, మంచిర్యాలకు కొందరు, శ్రీరాంపూర్‌కు కొందరు, కొత్తగూడెం దాకా కొందరు, వెళ్లిపోయారు.

అప్పుడు పుట్టింది ఈ గ్రూపు ఆలోచన. ఫోన్లో మెసేజీల గ్రూపు ఉండేది కానీ పొద్దున పెట్టిన ఫొటో సాయంత్రానికి గుడ్ మార్నింగుల కింద పడి కనిపించకుండా పోయేది. అట్లా కాకుండా లైనుకో గది చొప్పున, ఫొటోలూ గొంతులూ పదిలంగా ఉండే చోటు కావాలనుకుని మీటింగు పెట్టుకున్నాం. రెండు దారులు కనిపించాయి. ఒకటి, నెలనెలా డబ్బు కడితే అన్నీ తయారుగా పెట్టి ఇచ్చే కంపెనీ సాఫ్ట్‌వేర్. రెండోది ఓపెన్ సోర్స్. దాన్ని రాసినవాళ్లు లోపలి రాత మొత్తం అందరికీ తెరిచి పెట్టారు, ఎవరైనా తెచ్చి తమ సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు, కావలసినట్టు మార్చుకోవచ్చు, మధ్యలో వచ్చి తాళం వేసే హక్కు ఎవరికీ ఉండదు. ఈ రెండోదాని గురించి చెప్పింది అక్క కోడలు, కరీంనగర్‌లో కాలేజీ పిల్లలకు కంప్యూటర్లు చెప్పే అమ్మాయి. దాని కష్టం కూడా దాచలేదు. ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి, ఎప్పటికప్పుడు నకలు తీసి పెట్టాలి, పాడైతే మనమే తిప్పలు పడాలి అని వివరంగా చెప్పింది.

బావకు అది నచ్చలేదు. “పైసలు కడితెనే అడిగే హక్కుంటది. ఫుకట్ల వచ్చినదాన్ని రేపు ఎవల్ని పట్టుకొని అడుగుతం?” అన్నాడు.

“అడిగే అవుసరమే రాకుంట తాళంచెయ్యి మన దగ్గర్నే పెట్టుకుందామంటున్న, మామా,” అంది కోడలు.

అంతే, మీటింగు అక్కడే తప్పుదారి పట్టింది. సాఫ్ట్‌వేర్ సంగతి పక్కకు పోయి, నలుగురిలో కోడలు మామకు ఎదురు చెప్పిందన్నది పెద్ద సంగతైపోయింది. వెనక వరసలో పెద్దమనుషులు నోరు చప్పరించడం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ పిల్ల చెప్పినదాంట్లో తప్పు చూపించినవాడు ఒక్కడూ లేడు, కొంగు సర్దుకోమని సైగ చేసినవాళ్లు మాత్రం ఉన్నారు. నేను ఆమె వైపు చెయ్యెత్తాను, ఇంకో నాలుగైదు చేతులు లేచాయి. మిగతా హాలంతా బావ వైపే. నిజానికి అది బావ మీద గౌరవం ఒక్కటే కాదు, పుట్టినప్పటినుంచి కంపెనీ నీడలో ఉన్నవాళ్లకు వెనక ఏదో ఒక కంపెనీ లేని వస్తువును చూస్తే భయం. ఒకసారి క్వార్టర్లు పోగొట్టుకున్న మనుషులం, మళ్లీ కోరి క్వార్టరులోకే దిగాం.

కొన్నేళ్లు బాగానే నడిచింది, కాదనను. బావ కూడా దానిలోని రికార్డు బటన్ నొక్కి, తన పొద్దుటి పిలుపులన్నీ తన గడప నుంచి లైను చివరిదాకా వరసగా పిలిచి పెట్టాడు. అందరం విని కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాం. తర్వాతి ఏడు బావ పోయాడు. ఆ గొంతు ఆయన ఫోన్లో లేదు, ఇంకెక్కడా లేదు, అక్కడ ఒక్కచోటే ఉంది. అక్క రోజూ పొద్దున్నే లేచి అది పెట్టుకుని వినేది.

పోయిన వానాకాలంలో ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీని ఇంకెవరో కొన్నారు. మీ పాత ప్లాను ఎత్తేశామని, పెద్ద ప్లానుకు మారకపోతే మూసేస్తామని ఇంగ్లీషులో ఒక ఉత్తరం ముక్క పంపారు, మేము అందరినీ పోగుచేసి మాట్లాడుకునేలోపే మూసేశారు. కోడలు పట్టువదలకుండా వాళ్ల వెంటపడితే, రాతలు దింపుకోవచ్చు కానీ గొంతులు రావని, అవి తీసేశామని జవాబు వచ్చింది. తీసేశారట! ఒక మనిషి గొంతును, ఇంట్లో చెత్త ఊడ్చినట్టు! ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని మెషీను మాట్లాడింది. అడిగే హక్కు కోసం ఇన్నేళ్లు డబ్బు కట్టాం కదా, అడగడానికి మనిషే లేడు. మా వాళ్లు ధర్నాలు ఎరగనివాళ్లా? గని గేటు ముందు ఎండలో వానలో కూర్చుని సాధించుకున్నవాళ్లం. కానీ గేటు ఎక్కడుందో తెలిస్తే కదా కూర్చోవడానికి!

అందుకే ఆ ఆదివారం ఆయన ‘ఈసారి కూడా’ అన్నప్పుడు నేను లేచి కడిగేద్దామనుకున్నాను. నాకంటే ముందు అక్క లేచింది. ఏ మీటింగులోనూ నోరు విప్పని మనిషి లేచేసరికి తలలన్నీ అటు తిరిగాయి.

“ఆయన పిలిచిన పిలుపులు నేను చెప్త, ఇనుండ్రి,” అని మొదలుపెట్టింది. నా తలుపు, కాక తలుపు, కొత్త పెళ్లికొడుకు తలుపు, ఒక్కొక్కటీ బావ అన్న తీరులోనే పిలుచుకుంటూ పోయింది. ఆ కొత్త పెళ్లికొడుకు ఇప్పుడు తాత, ముందు వరసలో కూర్చుని సిగ్గుపడుతూనే కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. బోరింగు దాకా వచ్చి అక్క ఆగిపోయింది.

“బోరింగు దాటినంక నాకు రావు. రోజు అక్కడిదాంకనే ఇని, పొయ్యి కాడికి పోయేదాన్ని, అలవాటు. అవతలియి ఎటు పోతయి, రేపు ఇందామనుకున్న.” కుర్చీ వీపు పట్టుకుని కోడలి వైపు తిరిగింది. “ఆయనుంటె ఆయన్నే అడుగుదును. ఈపారి ఇల్లు మనమే కట్టుకుందాం. కోడలు చెప్పినట్టు చెయ్యుండ్రి. కారితె కారనీ.”

ఈసారి చప్పరించినవాళ్లు లేరు. ఓపెన్ సోర్స్‌దే పెట్టుకున్నాం. సర్వరుకు అద్దె కట్టవలసిందే, కడుతున్నాం, కానీ తాళం మా దగ్గరుంది, నకళ్లు రెండిళ్లలో ఉన్నాయి. ఫొటోలు పెద్దవైతే సతాయిస్తుంది, కోడలు సెలవురోజుల్లో కూర్చుని బాగుచేస్తుంది, మేము విసుక్కుంటూనే నేర్చుకుంటున్నాం. అందులో మొదట పెట్టింది అక్క గొంతుతో బావ పిలుపులు, బోరింగు దాకా.

వెనకటికి పొద్దున్నే ఒక మనిషి తలుపు తట్టి పేరుపేరునా లేపేవాడు, ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్లను లేపుతోంది. బోరింగు అవతలి ఇళ్లవాళ్లు ఆ రోజు హాల్లో లేరు, ఎక్కడెక్కడ ఉన్నారో నాకు తెలియదు, పాత గ్రూపుతోపాటే మీ జాడా పోయింది. మీలో ఎవరైనా ఇది చదువుతుంటే, ఫస్టు షిఫ్టు పొద్దున మా బావ మీ తలుపు తట్టి మిమ్మల్ని ఏమని పిలిచేవాడో ఒక్కసారి గుర్తు చేసుకోండి. మా అక్క ఇంకా బోరింగు దగ్గరే నిలబడి ఉంది.