తెలియని చోట చుక్క

నర్సు శిక్షణకు వచ్చిన అమ్మాయిలకు నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు పెట్టే పరీక్ష మొదలైన ఏడు, నేను సంగారెడ్డిలోని ఆ శిక్షణ కేంద్రంలో గుమాస్తాను. నా చదువు ఏడో తరగతే. లెక్కలంటే ఇష్టమని పేపర్లు దిద్దే పని నాకిచ్చారు. దానికి వైద్యం తెలియక్కర్లేదు. సరైన జవాబుల చోట రంధ్రాలు కొట్టిన అట్టను పేపరు మీద పరిచి, రంధ్రాల్లో కనిపించే టిక్కులు లెక్కపెట్టాలి. తర్వాత అట్ట ఎత్తి, ఒకే ప్రశ్నకు రెండు టిక్కులు పెట్టారేమో చూడాలి.

జోగిపేట వైపు పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయి చాలా ప్రశ్నలు ఖాళీగా వదిలేసింది. పెట్టినవన్నీ ఒప్పే, అయినా తప్పింది. ఇంకొక్కసారి రాయనిస్తారు. అప్పుడూ తప్పితే ఇంటికే.

పాఠాలు చెప్పే సిస్టరుది కోస్తా. ఆ అమ్మాయిని నా బల్ల దగ్గరికి పిలిపించారు.

"ఇన్ని వదిలేశావేంటమ్మా? నిద్రపోయావా?"

"తెల్వదు సిస్టరమ్మా. తెల్వకుంట ఎట్ల పెట్టాలె? పేరు లేని సీసా ముట్టొద్దని వార్డుల మీరే అంటిరి గద."

సిస్టరు పేపరు నా వైపు జరిపారు. నేనే కల్పించుకున్నాను. తప్పు పెడితే మార్కు కోయరనీ, గుడ్డిగా పెట్టినా నాలుగింట ఒకటి తగలొచ్చనీ, ఖాళీకి మాత్రం సున్నా ఖాయమనీ చెప్పాను.

"గిదేంది సారూ, మట్కా ఆడుమంటున్నరా?"

గుమ్మంలో నిలబడ్డ ఆమె స్నేహితురాలు నవ్వింది. "మేం మట్కా ఆడే పాసైనం. నువ్వు ఊరికి పోయి నాట్లేసుకో పో!"

రెండోసారి ఆమె పేపరులో ఒక్క ఖాళీ లేదు. లెక్కపెడితే పాసైంది. అట్ట ఎత్తాను. కొన్ని ప్రశ్నల పక్కన పెన్సిలు చుక్కలు. దిద్దే నాకు ఏదో సైగ చేస్తోందేమోనని సిస్టరుకు చూపించాను. ఆమెను పిలిచారు.

"గవి నాకు తెల్వనియి. సారు చెప్పిండని టిక్కు పెట్టిన. తర్వాత మీతోని నేర్సుకోవాలె గద, మర్సిపోకుంట సుక్క వెట్టిన."

చుక్కలున్న వాటిలో కొన్ని తగిలాయి. అవి తీసేస్తే ఆమె మళ్లీ తప్పుతుంది. నేను పెన్సిలు పట్టుకుని ఆగిపోయాను. మిగతా అమ్మాయిల పేపర్లలోనూ తగిలినవి ఉండే ఉంటాయి. వాటి పక్కన చుక్కలు లేవు, అంతే.

సిస్టరు అట్టను మళ్లీ పేపరు మీద పరిచారు. "రంధ్రంలో కనిపించిందే మార్కు. వేయండి," అన్నారు. వేశాను.

ఆ తర్వాత అట్ట తీసి నా చేతికిచ్చి, ఆ అమ్మాయి వైపు కుర్చీ జరిపారు.

"కూర్చో. మొదటి చుక్క చదువు."