ఊడ్చేసిన మేతపొడి

పరిశోధనశాలలో ఎలుకల గది చూసుకునే పెద్దాయనను అందరూ అద్దాలాయన అంటారు. ఇరవై ఏళ్లుగా ఆయన కడిగిన పెట్టెల్లో ముఖం చూసుకోవచ్చు. ఇంట్లో మాత్రం తాగిన గ్లాసు తీసిన పాపాన పోలేదని భార్య దెప్పుతుంటుంది.

ఆ ఏడు అక్కడి పరిశోధకురాలు ఎలుకల మెదడులో, ఆకలి పుట్టించే కణాల్లోకి, ప్రయోగశాలలో తయారైన గ్రాహకాన్ని సూదితో ఎక్కించింది. గ్రాహకమంటే తాళం లాంటిది. ఒక్క మందుకే తెరుచుకుంటుంది. ఆ మందిస్తే కడుపు నిండిన ఎలుక కూడా మేత మీద పడాలి. పొద్దున సగం ఎలుకలకు మందు, మిగతా సగానికి వట్టి ఉప్పునీళ్లు ఇచ్చేది. సాయంత్రం తాను మిగిలిన మేత తూచేదాకా పెట్టెలు ముట్టుకోవద్దని ఆయనకు మరీ మరీ చెప్పింది.

అది బద్ధకస్తులకు చెప్పే మాట అనుకున్నాడాయన. పెట్టె అడుగున పొడి కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. ఆమె వచ్చేలోగా ఊడ్చేసేవాడు. ఉప్పునీళ్ల ఎలుకలు తినకుండా కొరికి రాల్చిందంతా చెత్తబుట్టలోకి పోయేది. తూకంలో అవీ మందు ఎలుకలంత సుష్టుగా తిన్నట్టే తేలేది.

నెల తర్వాత ఆమె, రాలిన పొడేమీ లేదా అని అడిగింది. అప్పుడు వెలిగింది ఆయనకు. అయినా నోరు లేదనే చెప్పింది.

దాంతో ఆమె తన చేతినే అనుమానించింది. సూది తప్పుచోట దిగిందేమోనని తొమ్మిది ఎలుకలను చంపి మెదళ్లు కోసి చూసింది. వాటిని పట్టి అందించింది ఆయనే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

గ్రాహకం ఉండాల్సిన చోటే ఉంది. ఆమె స్టూలు మీద కూలబడింది.

"నాకీ పని చేతకాదు బాబాయ్, మానేస్తాను. ఇక్కడ తిన్నగా పనిచేసింది మీరొక్కరే."

ఆయనకు చచ్చినంత పనైంది.

"పొడి నేనే ఊడ్చేశానమ్మా. రోజూ."

ఆమె ఆయన వైపు తిరిగింది.

"నేనడిగిన రోజైనా చెప్పాల్సింది."

పరువు పోతుందనుకున్నానని గొణిగాడు. తిడితే బాగుండుననిపించింది. ఆమె తిట్టలేదు. లేచి, మిగిలిన ఎలుకల పెట్టెలు లెక్కపెట్టుకుంది.

"రేపటినుంచి వీటి పని నేనే చూసుకుంటాలెండి, బాబాయ్," అంది, ఎప్పటిలాగే మర్యాదగా.