ఎన్నికలు లేని ప్రచారం

ఊళ్లో అందరికీ ఆమె మైకు పిన్ని. కన్నవాళ్లు పెట్టిన పేరు ఓటర్ల జాబితాలో ఉంది కానీ, అదీ తప్పుగానే ఉందట. వయసులో ఉన్నప్పుడు సినిమా హాలు గుమ్మంలో టికెట్లు చింపేది. “కుడివైపు పదండి!” అని ఆమె అరిస్తే రోడ్డు మీద పోయేవాళ్లు కూడా కుడికి తిరిగేవారు. ఆ గొంతు ఓ పార్టీ వాళ్ల చెవిన పడింది. పిలిచి వ్యానెక్కించి చేతికి మైకిచ్చారు. వ్యాను తోలే కుర్రవాడు తర్వాత ఆమె మొగుడయ్యాడు.

అప్పట్లో కేంద్రానికీ రాష్ట్రానికీ ఎన్నికలు కలిపే జరిగేవి. పిన్ని ఒకే ఊపిరిలో రెండింటికీ ఓట్లు అడిగేసి ఇంటికొచ్చి పడుకునేది. తర్వాత రాష్ట్రంలో ప్రభుత్వాలు కూలడం మొదలైంది. ఒక ముఖ్యమంత్రి మెడలో దండ వాడకముందే దిగిపోయాడు. ఇంకొకాయన్ని కేంద్రమే ఇంటికి పంపింది. మరొకాయన మళ్లీ తనదే గెలుపన్న ధీమాతో గడువుకు ముందే సభను రద్దు చేసి, చేజేతులా ఓడిపోయాడు. రాష్ట్రం దారి రాష్ట్రానిది, కేంద్రం దారి కేంద్రానిది అయిపోయింది. క్యూలో నిలబడలేక జనం విసుక్కున్నారు గానీ, పిన్ని ఇంట్లో పొయ్యి మాత్రం చల్లారలేదు.

పార్టీలెన్ని మారినా ఆ నియోజకవర్గంలో గెలిచేది ఒక్కడే. ఆయన సిమెంటు వ్యాపారి; పిన్ని మైకు పట్టేదీ ఆయనకే. ఓసారి నామినేషన్ల ఆఖరి రోజున మధ్యాహ్న భోజనం ఒక పార్టీలో మొదలుపెట్టి, ఇంకో పార్టీలో చెయ్యి కడుక్కున్నాడు. పొద్దున “దొంగల పార్టీ” అని గొంతు చించుకున్న పిన్ని, సాయంత్రం అదే పార్టీని “పేదల పార్టీ” అంది. మొగుడు వ్యానుకి జెండా మారుస్తుంటే ఆమె టీ తాగుతూ కొత్త నినాదాలు బట్టీ పట్టింది. మారనిది ఒక్కటే: చివరి సందుకు కుళాయి వేయిస్తామన్న వాగ్దానం.

ఎన్నికల ఊసే లేని ఓ రోజున, జాకెట్టు కుట్టించుకుందామని పిన్ని ఆ చివరి సందుకే వెళ్లింది. కుట్టుమిషను ముందు కూర్చున్న అమ్మాయి కొలత టేపు పక్కన పెట్టి, ఖాళీ బిందె తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది.

“నీళ్లేవి పిన్నీ?”

“నన్నడుగుతావేంటే? గెలిచినాయన్నడుగు.”

“ఆయన మొహం మేమెప్పుడు చూశాం? ప్రతిసారీ చెప్పింది నువ్వేగా! నీ మాట నమ్మి మా అత్త, ఇన్నాళ్లూ నీళ్లిచ్చిన పక్క సందువాళ్లతో ‘ఇక మీ గడప తొక్కం’ అని పోట్లాడి వచ్చింది. ఇప్పుడు నీళ్లకి పెద్ద రోడ్డు దాటి పోతున్నాం.”

పిన్ని నీళ్లు నమిలింది. ఆ పూట ఆ సందులో ఉన్న నీళ్లు అవే.

ఇంటికి రాగానే “రేపు వ్యాను తియ్యి,” అంది మొగుడితో.

“ఎన్నికలేవీ?”

“ఎన్నికలు లేకపోతే నా నోరు పడిపోయిందా?”

పొద్దున్నే వ్యాను శాసనసభ్యుడి ఇంటి ముందు ఆగింది. పిన్ని ఎవర్నీ తిట్టలేదు. పాత పాఠమే పొల్లుపోకుండా చదివింది. “ఓటరు మహాశయులారా! చివరి సందుకు కుళాయి! ఇది మన నాయకుడి మాట!”

లోపల గడ్డం గీసుకుంటున్న నాయకుడి గుండెల్లో రాయి పడింది. అనుచరుడు పరుగెత్తుకొచ్చాడు. “అయ్యా, పిన్ని మొదలెట్టేసింది! సభ రద్దయినట్టుంది!”

నాయకుడు సగం గడ్డంతోనే పార్టీ ఆఫీసుకి ఫోను చేశాడు. “మాకేం తెలీదు,” అన్నారు వాళ్లు. దాంతో ఆయన అనుమానం బలపడింది. ఆ పుకారు రాష్ట్రమంతా పాకింది. సాయంత్రం ముఖ్యమంత్రి టీవీలో కనబడి, సభను రద్దు చేసే ఆలోచనే లేదన్నాడు. ఇక ఎన్నికలు ఖాయమని రాష్ట్రంలో ఎవరికీ సందేహం మిగల్లేదు.

తెల్లారేసరికి చివరి సందులో గునపాలు లేచాయి. ఈ కొస నుంచి శాసనసభ్యుడి మనుషులు, ఆ కొస నుంచి ప్రతిపక్షం మనుషులు పోటీలు పడి తవ్వారు. దర్జీ అమ్మాయి గుమ్మం దగ్గర ఎదురుపడి, పైపు మాదంటే మాదని కొట్టుకున్నారు. ఆ తోపులాటలో ఎవడు బిగించాడో గానీ నీళ్లు మాత్రం వచ్చాయి. దర్జీ అమ్మాయి అత్త కుళాయి కింద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

ఎన్నికలు లేవని తేలాక శాసనసభ్యుడు పిన్నిని పిలిపించాడు.

“ఎన్నికలని నీకెవరు చెప్పారు?”

“నేనెక్కడన్నానయ్యా? మీ మాటే మీ ఇంటి ముందు చదివాను.”

ఆయన పళ్లు కొరికాడు. ఖర్చెలాగూ అయిపోయింది, పేరైనా దక్కనీ అనుకున్నాడు. “సరే, ‘మాట నిలబెట్టుకున్న నాయకుడు’ అని ఊరంతా వ్యాను తిప్పు.”

పిన్ని తిప్పింది. “ఇన్ని ఎన్నికలు గెలిచాకైనా మాట నిలబెట్టుకున్న నాయకుడు!” అని సందు సందునా చెప్పింది. మేడ మీద నుంచి ఆయనకి ‘నాయకుడు’ అన్నదొక్కటే వినబడి, చెయ్యూపాడు.

ఆ వారం పిన్ని గుమ్మం ముందు జనం చేరారు. ఆసుపత్రికి డాక్టరొస్తాడన్నావు పిన్నీ అని ఒకరు, వంతెన సంగతేంటని ఇంకొకరు. పిన్ని వాళ్లందర్నీ అరుగు మీద కూర్చోబెట్టి, మొగుడి కోసం లోపలికి చూసింది. ఆయన అక్కడ లేడు. అప్పటికే బయట వ్యాను అద్దాలు తుడుస్తున్నాడు.