మనం ప్రార్థనలో పెట్టిన జ్వరం

జ్వరంతో ఉన్న మనిషిని వానలో నారాయణపట్న కొండలకు ఒంటరిగా పంపించాం. మన పాస్టరయ్యగారు పోయి పదిహేను రోజులైంది. దేవుడు పిలుచుకున్నాడని అందరూ అంటున్నారు. ఆ సంగతి నాకు తెలియదు. మనం పంపడం మాత్రం నా కళ్ళతో చూశాను.

నేను కొరాపుట్‌లో బస్సులు బాగుచేస్తాను. బడికి పోలేదు. పాటల పుస్తకంలో వేలు పెట్టి, పాడేవాళ్ళ నోళ్ళు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. ఓపిగ్గా పక్కన కూర్చోబెట్టుకున్నది అయ్యగారే.

ఆయనకు ఆదివారం ఇక్కడ ఆరాధన. సోమవారం కొండ ఊళ్ళకు బస్సు, ఆపైన ఊరూరికీ కాలినడక, మళ్ళీ శనివారానికి ఇల్లు. ఒక్కసారి ఆయన వెంట వెళ్ళాను. అడవిలో నడుస్తూనే ప్రార్థన మొదలుపెట్టారు. అలవాటుగా కళ్ళు మూసుకున్నాను. వీపు మీద ఒకటి పడింది.

"ఏటిరా, నిద్దరోతన్నావా? కళ్ళు తెరిసి సెయ్యి. ఎలుగ్గొడ్డుకి బాప్తిస్మం ఇస్తావేటి?"

నేను నవ్వాను. ఆయన మాత్రం పొదల వైపే చూస్తూ నడుస్తున్నారు.

"బయమేనా అయ్యగారూ?"

"బయం లేకేటి? పెతీ వారం బయమే. ఇద్దరుంటే సగం."

అందుకే తోడు మనిషి కావాలని కమిటీని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ ఒకటే జవాబు: "ప్రార్థనలో పెడదాం, అయ్యగారూ." కాదు అనడానికి మన సంఘంలో మర్యాద మాట అది.

ఆఖరి ఆదివారం ఆయన కుర్చీ పట్టుకుని నిలబడ్డారు. "ఈ వారం నాను ఎల్లలేనండి. జరం దిగట్లేదు." మళ్ళీ ప్రార్థనలో పెట్టారు. అందరం ఆమేన్ అన్నాం. నేనూ అన్నాను.

మర్నాడు సంచీ మోయడానికి అయ్యగారింటికి వెళ్ళేసరికి, పాస్టరమ్మగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నారు.

"ఒళ్ళు కాలిపోతంది. ఎవులి కోసమండీ?"

"కొండమీద పసిబిడ్డ పోయిందని కబురొచ్చింది కదే. గోతి తీసి కూకున్నారు. వాక్యం సదవకుండా మట్టెలా ఏస్తారు?"

నేనే బస్సులో కూర్చోబెట్టాను. కిటికీలోంచి నా తల మీద చెయ్యి పెట్టి, "బస్సు కింద దూరినప్పుడు జాగర్తరా" అన్నారు. ఆ బిడ్డను సమాధి చేసి తిరిగి వస్తూ, వాగు పక్కన పడిపోయారట. పశువులు కాసేవాళ్ళు చూసేసరికి ఊపిరి లేదు. ఎంతసేపు ఒక్కరే పడి ఉన్నారో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

నిన్న కొత్త పాస్టరు దిగాడు. పాతికేళ్ళు లేవు, కొత్తగా పెళ్ళయింది. ఆయన చేతికీ అవే ఊళ్ళ జాబితా ఇచ్చారు. నన్ను పక్కకు పిలిచి, "ఆ దారి ఎలాగుంటాదన్నా?" అని అడిగాడు. ఆయన భార్య నా మొహం వైపే చూస్తోంది. అందుకే ఇది మీకు రాస్తున్నాను.

సంఘ పెద్దలారా, ఆయనకు తోడు ఎవరు వెళ్తారు? మొదటి వారానికి నా పేరు రాసుకోండి. తర్వాతి వారాలకు పేర్లు కావాలి. ఆదివారం ఆరాధన మొదలయ్యేలోగా గుడి తలుపు మీద అంటించండి. సోమవారం పొద్దున్న బస్సుకు ఆయన బయలుదేరుతున్నాడు.