ఓనర్లు పంపిన గుడ్లు

“గుడ్లు ఎవరు పంపారని అడిగితే ఏం చెప్తావు?”

“ఓనర్లే పంపారని చెప్తాను. ఎన్నిసార్లు చెప్పిస్తారు? మఫ్లరు కట్టుకుని పోండి.”

నాకూ మా ఆయనకూ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. ఇంతకంటే మంచి మాట ఏదైనా అని ఉంటే బాగుండేదని తర్వాత చాలా ఏడ్చాను. కానీ అన్నది ఇదే, అందుకే ఇదే రాయమన్నాను. నాకు సంతకం తప్ప రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది మా చెల్లెలి కూతురు. ఢిల్లీ కటవారియా సరాయ్‌లో గది తీసుకుని సివిల్స్‌కు చదువుతోంది, ఆదివారాలు మా ఘాజియాబాద్ ఇంటికి వస్తుంది.

మా ఆయన ఫుట్‌బాల్ కోచ్. వయసులో ఉండగా విశాఖపట్నంలో బాగా ఆడి, ఆ ఆట మీదే ఢిల్లీలో సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం తెచ్చుకున్నారు. రిటైరయ్యాక ఇక్కడి క్లబ్బు ఒకటి పిలిచింది. ఓనర్లు ఇద్దరు అన్నదమ్ములు, పైపుల ఫ్యాక్టరీ వాళ్ళు. మొదటిరోజు దండ వేసి ఫోటో తీయించుకున్నారు. ఆ తర్వాత వాళ్ళకు జట్టు గుర్తొచ్చేది ఓడినప్పుడే. ప్రాక్టీసుకు గ్రౌండు అడిగితే “దేఖ్‌తే హై” అనేవారు, చూద్దాంలే అని. కాలు బెణికినవాడికి డాక్టరును అడిగినా అదే మాట. మ్యాచ్ పోయిందో, ఫోను ఆగేది కాదు. ఆ అరుపులు నాకు వంటింట్లోకి వినబడేవి. ఈయన “జీ, జీ” అంటూ నిలబడేవారు. ఫోను పెట్టేశాక గోడవైపు తిరిగి చొక్కా గుండీలు విప్పి మళ్ళీ పెట్టుకునేవారు, ఏ పనీ లేక.

మర్నాడు గ్రౌండులో మాత్రం, “మాలిక్‌లు మీ కష్టం చూసి సంతోషించారు” అని ఆటగాళ్ళకు చెప్పేవారు. ఒకసారి నా చెవినే పడింది.

“తిట్లు మీరు తిని, పేరు వాళ్ళకా?” అని ఇంట్లో దులిపేశాను.

“నోరు మూయవే. వెనక ఎవరూ లేరని తెలిస్తే వాళ్ళ కాళ్ళు ముందే ఓడిపోతాయి” అన్నారు.

గుడ్లూ అలాగే మొదలయ్యాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఒకే గదిలో సర్దుకుని, ఉత్త టీ తాగి మ్యాచ్‌కు వచ్చేవాళ్ళు ఆటగాళ్ళు. అందుకని మ్యాచ్ రోజు తెల్లారేసరికి నేను గుడ్లు ఉడకబెట్టి, చల్లారకుండా పాత తువ్వాలులో చుట్టి స్టీలు క్యానులో పెట్టేదాన్ని. నంజుకోవడానికి కరివేపాకు కారం పొట్లం. ఖర్చు మాదే అయినా, అన్నీ ఓనర్లే పంపారని చెప్పేవారు ఈయన. నేనూ అప్పుడప్పుడూ క్యాను మోసుకెళ్ళేదాన్ని, ఈయన నేర్పిన అబద్ధం వచ్చీరాని హిందీలో చెప్పేదాన్ని.

పోయిన చలికాలం జట్టు అట్టడుగున ఉంది. ఆఖరి మ్యాచ్ ఓడితే కింది డివిజన్‌కు పోవడమే. ముందురోజు సాయంత్రం పెద్ద ఓనరు నాలుగంతస్తులు ఎక్కి మా ఇంటికి వచ్చాడు. నేనిచ్చిన టీ ముట్టలేదు. ఎందుకో నాకప్పుడు తట్టలేదు.

“కోచ్ సాబ్, రేపు గోల్‌లో మా అల్లుడు నిలబడతాడు” అన్నాడు హిందీలో.

“ఉన్న గోల్‌కీపరే ఆడతాడండీ.”

“అయితే ఓడిపోయారంటే ఎల్లుండి నుంచి రావద్దు.”

“ఠీక్ హై. గెలిస్తే మాత్రం మీ పేరే చెప్తాను” అన్నారు ఈయన, నవ్వుతూ.

ఆఫీసులో ప్యూనుకు కూడా ఎదురు చెప్పని మనిషి ఈయన. వంటింటి గడప మీద నిలబడి చూశాను. ఆ రోజున్నంత నిటారుగా పెళ్ళిపీటల మీద కూడా కూర్చోలేదు. అబ్బ, నా మొగుడే అనుకున్నాను.

తెల్లారి పొగమంచులో క్యాను పట్టుకుని వెళ్ళారు. ఒక్క గోలుతో గెలిచారు. ఏ గోల్‌కీపరును తీసేయమన్నారో, ఆ మణిపూర్ అబ్బాయే పెనాల్టీ ఆపాడు. ఆఖరి విజిల్ వేశాక అందరూ ఈయన్ని ఎత్తుకుందామని పరిగెత్తుకొచ్చారట. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మనిషి లేవలేదు. గుండె ఆగిపోయింది. మఫ్లరు మెడలోనే ఉంది.

సంతాప సభ మా అపార్ట్‌మెంటు హాల్లో పెట్టారు. పెద్ద ఓనరు మైకు పట్టుకుని, కోచ్ సాబ్‌కు మేము ఏ లోటూ రానివ్వలేదన్నాడు. గోల్‌కీపరు లేచాడు.

“అవును జీ. ప్రతి మ్యాచ్‌కూ గుడ్లు కూడా పంపారు. సర్ చెప్పేవారు.”

“గుడ్లా? రామ్ రామ్! మా ఇంట్లోకి ఉల్లిపాయ కూడా రానివ్వం!”

హాలంతా నావైపు తిరిగింది. అప్పుడర్థమైంది నాకు, ఆ సాయంత్రం ఈ ఓనరు మా ఇంట్లో టీ ఎందుకు ముట్టలేదో. మా ఉత్తరాంధ్ర బుర్రలకు, వీళ్ళు గుడ్డు ముట్టనివాళ్ళేమో అన్న ఆలోచనే రాలేదు. ఇన్నాళ్ళూ అబద్ధమాడాం, అదీ నిలవని అబద్ధం. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట అంటే ఆ మైకు అతని చేతిలోంచి జారిపోయేది. కానీ ఆఖరిసారి ఆయనకు ఇచ్చిన మాట అదొక్కటే కదా.

“ఆప్ హీ భేజే థే, భయ్యా. భూల్ గయే హోంగే” అన్నాను. మీరే పంపారు, మరిచిపోయి ఉంటారు అని.

అతను నన్ను చూశాడు, గోల్‌కీపరును చూశాడు. మిగిలిన మాటలు చెప్పకుండానే కూర్చున్నాడు.

తర్వాత మెట్ల దగ్గర ఆ గోల్‌కీపరు నా కాళ్ళకు దండం పెట్టాడు. “ఆంటీ జీ, మాకు మొదటిరోజే తెలుసు. ఆ పచ్చ కారం ఏ మాలిక్ ఇంట్లో చేస్తారు?”

“మరి సర్‌తో అనలేదేం రా?”

“అంత కష్టపడి చెప్పేవారు, ఎలా అంటాం?” అని ముక్కు తుడుచుకుని, “ఆ కారం ఇంకా ఉందా?” అన్నాడు. సీసా ఉన్నపళాన ఇచ్చేశాను.

అంటే వెనక ఓనర్లు లేరని వాళ్ళకు తెలుసు. తెలిసే గెలిచారు. ఈ సంగతి ఆయన వినలేదే అన్నదొక్కటే నా బాధ.

ఏమిటే, కలం ఆపావు? ఇదంతా కాగితం మీద పెడితే ఆయనకిచ్చిన మాట పోదా పెద్దమ్మా అంటావా? అడిగితే ఏం చెప్తావన్నారు ఆయన. ఎవరూ అడగలేదు, నేనే చెప్తున్నాను. రేపు ఎవరైనా అడిగితే ఓనర్లే పంపారంటాను. సరే, మొదట్నుంచి చదువు. ఆయన అడిగిన మాట దగ్గర కాస్త గట్టిగా చదువు.